లేజర్ కోడ్ చదవడం లేదా? పవర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

సర్క్యూట్ బోర్డు మీద లేజర్‌తో వేసిన డేటా మ్యాట్రిక్స్ కోడ్‌ను (చిన్న చిన్న చదరాల గుర్తును) రీడర్ తిరస్కరించగానే ఆపరేటర్ చెయ్యి పవర్ సెట్టింగ్ మీదికి పోతుంది. నిజానికి దాన్ని చివరిగా ముట్టుకోవాలి. బోర్డు మీది రాగిని కప్పే రంగు పూత, అంటే సోల్డర్ మాస్క్ పొర, సుమారు 20 మైక్రాన్ల మందమే. పవర్ ఎక్కువైతే లేజర్ ఆ పొరను తొలిచి రాగిని బయటపెడుతుంది. కోడ్ కళకళలాడుతుంది, బోర్డు చెత్తబుట్టకు చేరుతుంది.

కొత్తగా వేసే గుర్తులు రోజురోజుకూ పలచబడుతున్నాయి. లెన్స్‌కు మసి పట్టింది. లేజర్ పూర్తిగా ఆపి, లెన్స్ కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి మెల్లగా తుడవండి. కార్బన్ డయాక్సైడ్ లేజర్లలో వాడే జింక్ సెలినైడ్ లెన్స్ మెత్తనిది, గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. పొగ లాగే యంత్రం ఫిల్టర్ కూడా మార్చకపోతే కొద్ది రోజుల్లోనే మళ్లీ ఇదే పని.

ఒక మూల స్పష్టంగా, మరో మూల మసకగా ఉంది. ఇది ఫోకస్ సమస్య, దాని వెనుక తరచుగా బోర్డు వంపు ఉంటుంది. భాగాలను పైతలం మీదే అతికించే సర్ఫేస్ మౌంట్ బోర్డులకు సాధారణంగా 0.75 శాతం వరకు వంపును అనుమతిస్తారు. అంటే 200 మిల్లీమీటర్ల పొడవుకు 1.5 మిల్లీమీటర్లు. బోర్డు నియమాల ప్రకారం పాసైనా లెన్స్ ఫోకస్ పరిధి దాటిపోవచ్చు. కింద సపోర్ట్ పిన్నులు పెట్టండి, అంచులు బిగించండి. బోర్డు మందం మారినా ప్రోగ్రామ్‌లో ఎత్తు పాతదే ఉందేమో కూడా చూడండి. ఎవరూ ఒప్పుకోరు గానీ, ఈ మరపు మామూలే.

ఒకే కోడ్‌లో సగం ఒక రంగు, సగం మరో రంగు. సెట్టింగ్‌లతో కుస్తీ పట్టి లాభం లేదు. కోడ్ కింద సగం మేర రాగి ఉంది. అది వేడిని లాగేసుకుంటుంది. 1064 నానోమీటర్ల ఫైబర్ లేజర్ అయితే కాంతిని వెనక్కి కూడా కొడుతుంది. కోడ్‌ను అడుగుభాగం అంతా ఒకేలా ఉన్న చోటికి జరపమని డిజైనర్‌ను అడగండి, లేదా తెల్ల ఇంకు గడి వేయించండి.

కంటికి బాగానే ఉంది, రీడర్ మాత్రం చదవదు. తప్పు రీడర్‌దే కావచ్చు. ముదురు మాస్క్ మీద లేత గుర్తు చదవాలంటే విలోమ కోడ్‌ల ఎంపిక ఆన్‌లో ఉండాలి. మాస్క్ మెరుపు అడ్డొస్తే దీపం కోణం మార్చండి. కోడ్ చుట్టూ కనీసం దానిలోని ఒక చిన్న చదరం వెడల్పు ఖాళీ ఉండాలి.

కోడ్ చోటు తప్పుతోంది. బోర్డు స్థానం తెలుసుకోవడానికి యంత్రం చూసే ఫిడ్యూషియల్ గుర్తులను అది సరిగ్గా పట్టుకుంటోందో, బోర్డును బిగించే క్లాంపు గట్టిగా ఉందో చూడండి.

ఇవన్నీ చూశాక కూడా పవర్ పెంచక తప్పకపోతే, పనికిరాని బోర్డు మీద కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతిసారీ మైక్రోస్కోప్ కింద పెట్టండి. రాగి తళుక్కుమన్న చోట ఆగి, అక్కడి నుంచి వెనక్కి రండి.