కంది ప్రోటీన్లతో మొదలుపెడదాం: బయోఇన్ఫర్మాటిక్స్‌లో మెషీన్ లెర్నింగ్ చదవబోయే వారికి

నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, వాటి పరిధిలోని కళాశాలల్లోనో చదువుతూ, జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లాలనుకునే విద్యార్థులు సాధారణంగా రెండు దారుల్లో వస్తారు. బైపీసీ చదివిన వారికి లెక్కలంటే జంకు ఉంటుంది. ఎంపీసీ చదివి కంప్యూటర్ల వైపు వచ్చిన వారికి జీవశాస్త్రాన్ని అవసరమైనప్పుడు చూసుకోవచ్చులే అన్న ధీమా ఉంటుంది. వీటిలో ఆ ధీమాయే ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం. లెక్క తప్పితే ప్రోగ్రామ్ చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. జీవశాస్త్రం తప్పితే అది చివరిదాకా సాఫీగా నడిచి, తప్పుడు ఫలితాన్ని చక్కని గ్రాఫుగా గీసి చేతికిస్తుంది.

బైపీసీ వారు మాత్రికలు, సంభావ్యత, కొద్దిపాటి అవకలనం ఒక సెమిస్టర్‌లో నేర్చుకోగలరు. అల్గారిథమ్‌ల విషయంలో మాత్రం తొందరపడకూడదు. రెండు జన్యుక్రమాలను పక్కపక్కన పేర్చి పోల్చడానికి నీడిల్‌మన్, వున్ష్ 1970లో ఇచ్చిన పద్ధతిని ఆరేడు అక్షరాల క్రమాలతో కాగితంపై గళ్లు గీసి, ఒక్కో గడిని చేత్తో నింపి చూడాలి. క్రమాలు పొడవయ్యే కొద్దీ గళ్లు ఎంత వేగంగా పెరుగుతాయో అప్పుడు అర్థమవుతుంది. క్రమాలను పోల్చి వెతకడానికి 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే ప్రోగ్రామ్ అన్ని గళ్లనూ నింపకుండా అడ్డదారి ఎందుకు వెతికిందో కూడా అప్పుడే తెలుస్తుంది. పైథాన్, లినక్స్ ఆదేశాలు రోజూ చేస్తూ ఉంటే వస్తాయి. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ ఆరంభానికి సరిపోతుంది. అది చాలనప్పుడు ఇంటర్నెట్‌లో ప్రోగ్రామ్ నడిపించే గూగుల్ కోలాబ్ ఉంది, కానీ దాని సెషన్ చెప్పకుండా తెగిపోతుంది కాబట్టి మధ్యంతర ఫలితాలను ఎప్పటికప్పుడు దాచుకోవాలి.

మొదటి ప్రాజెక్టుకు మన చేలలోని పంటనే తీసుకోవచ్చు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుపటం ముసాయిదా 2011లో వెలువడింది. అందుకు ఎంచుకున్నది రైతులకు పరిచయమున్న ‘ఆశ’ రకమే. దానిలో 48,680 జన్యువులు ఉన్నట్టు అంచనా వేశారు. ఈ జన్యువులు తయారుచేసే ప్రోటీన్లలో ఏవి హరితరేణువులోకి చేరుతాయో క్రమాన్ని బట్టి ఊహించడం విద్యార్థి స్థాయికి తగిన సమస్య. యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లో నిపుణులు సరిచూసిన మొక్కల ప్రోటీన్లను దించుకొని, ఒక్కోదాని మొదటి 50 అమైనో ఆమ్లాల్లో ఏది ఎంత శాతం ఉందో లెక్కిస్తే 20 అంకెలు వస్తాయి. వాటితో ముందు లాజిస్టిక్ రిగ్రెషన్, తరువాత రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతులను (ఉదాహరణలు చూసి తేడా నేర్చుకునేవి) నడిపితే చాలు. వాటికంటే క్లిష్టమైన డీప్ లెర్నింగ్ జోలికి అప్పుడే పోనక్కరలేదు.

ఇక్కడే జీవశాస్త్రం అడ్డు తగులుతుంది. కిరణజన్య సంయోగక్రియలో కీలకమైన రూబిస్కోను చూడండి. మొక్కల్లో దాని చిన్న భాగాన్ని తయారుచేసే జన్యువు కేంద్రకంలో ఉంటుంది కాబట్టి, ఆ ప్రోటీన్ బయట తయారై, తన మొదటి భాగంలోని చిరునామా ముక్క సాయంతో హరితరేణువులోకి ప్రవేశిస్తుంది. పెద్ద భాగం మాత్రం హరితరేణువు సొంత డీఎన్‌ఏ నుంచి లోపలే తయారవుతుంది. దానికి ఆ చిరునామా అవసరం లేదు. ‘హరితరేణువులో ఉండేవి’ అని వెతికి రెండింటినీ ఒకే గంపలో వేస్తే మోడల్‌కు, అంటే నేర్చుకుంటున్న ప్రోగ్రామ్‌కు, మనమే తప్పు పాఠం చెప్పినట్టవుతుంది. లోపల తయారయ్యే వాటిని తీసివేశాక, లాజిస్టిక్ రిగ్రెషన్ ఇచ్చే భారాల్లో (ఒక్కో అంకెకు అది ఇచ్చే ప్రాధాన్యం) సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అనుకూలమైన భారం, ఆమ్ల గుణమున్న ఆస్పార్టేట్, గ్లూటమేట్‌లకు ప్రతికూలమైన భారం వచ్చాయేమో చూడాలి. ఆ చిరునామా ముక్కల స్వభావం అదే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. కంది, సోయా, శనగ దగ్గరి చుట్టాలు. వాటిలోని ఒకే రకం ప్రోటీన్లు చాలా వరకు ఒకేలా ఉంటాయి. డేటాను మోడల్‌కు నేర్పే శిక్షణ భాగంగా, దాన్ని పరీక్షించే భాగంగా యథాలాపంగా 80, 20 శాతాలుగా చీల్చితే సోయా ప్రోటీన్ శిక్షణ భాగంలోకి, దాని కంది సోదరి పరీక్ష భాగంలోకి వెళతాయి. అది ప్రశ్నపత్రం లీకైనట్టే. అప్పుడు 97 శాతం సరైన జవాబులు వచ్చినా, అది నేర్చుకున్నదో బట్టీ పట్టినదో తేలదు. సీడీ-హిట్ వంటి సాధనంతో 40 శాతానికి మించి పోలిక ఉన్న వాటిని కుటుంబాలుగా కట్టి, కుటుంబం మొత్తాన్ని ఒకే వైపు ఉంచాలి. మార్కులు పడిపోతాయి. పడిపోయిన ఆ అంకెనే నివేదికలో రాయాలి.

జన్యు వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందన్న) డేటాలో లీకు మరో రూపంలో వస్తుంది. 1999లో వెలువడిన, రెండు రకాల లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న ప్రసిద్ధ డేటాలో రోగులు 72 మంది, ఒక్కొక్కరిలో జన్యువుల కొలతలు 7,129. రోగులు పది మందే ఉన్నారనీ, ఒక్కో కొలత బొమ్మా బొరుసూ వేసినట్టు ఎక్కువో తక్కువో అవుతుందనీ అనుకుందాం. ఒక కొలత పది మందిలోనూ వ్యాధి రకంతో యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం 1,024లో ఒకటి; అంటే ఆ 7,129లో ఏ అర్థమూ లేని ఏడు జన్యువులు అచ్చంగా సరిపోయి కనిపిస్తాయి. అందుకే మంచి జన్యువుల ఎంపిక శిక్షణ భాగంలోనే జరగాలి, క్రాస్ వాలిడేషన్‌లో (డేటాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వంతులవారీగా పరీక్షకు వాడే పద్ధతి) ప్రతి మడతకూ, అంటే ప్రతి వంతుకూ, మళ్లీ జరగాలి. అనుమానం వస్తే వ్యాధి పేర్లను కలగాపులగం చేసి ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి నడపండి. రెండు రకాలూ సమానంగా ఉన్నప్పుడు ఫలితం 50 శాతం దగ్గరికి రాకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే.

నూరు మందిలో ఐదుగురికే వ్యాధి ఉన్న డేటాలో అందరికీ ‘లేదు’ అన్నా 95 శాతం వస్తుంది కాబట్టి, ఎంతమంది రోగులను పట్టుకున్నదీ విడిగా చెప్పాలి. డేటాబేస్‌లు మారుతూ ఉంటాయి గనుక, దించుకున్న తేదీ, విడుదల సంఖ్య, వాడిన సాఫ్ట్‌వేర్ వెర్షన్, రాండమ్ సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలు ప్రతిసారీ ఒకేలా వచ్చేలా ప్రోగ్రామ్‌కు ఇచ్చే అంకె) అన్నీ ప్రాజెక్టు నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుకోవాలి. వైవాలో మొదట అడిగేవి ఇవే కాకపోవచ్చు గానీ, ఆరు నెలల తరువాత మీ ఫలితాన్ని మీరే మళ్లీ రాబట్టాలంటే ముందుగా కావలసినవి ఇవే.