పని బూట్లు కొనేముందు ఇన్‌సోల్ తీసి చూడండి

షాపులో బాగానే ఉన్న తోలు బూట్లు పనిలోకి దిగాక బొటనవేలి గోరు నల్లబడేలా నొక్కేస్తాయి. అందుకే ఇప్పుడు నేను ముందు ఇన్‌సోల్, అంటే బూటు లోపల పాదం కింద ఉండే పొర, బయటికి లాగి నేలమీద పెడతాను. పనికి వేసుకునే మందపాటి సాక్సులతోనే దానిమీద నిలబడతాను. వేళ్ల ముందు దాదాపు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం అంచులు దాటి బయటికొస్తే ఆ బూటు ఇరుకే. సాయంత్రం చూస్తే ఇంకా మంచిది, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి.

సోల్ అయితే బురదకు లోతైన గాడులున్నది, గట్టి గచ్చుకు నేలను ఎక్కువగా ఆనేది, నూనె పడేచోట నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది.

ఇన్‌సోల్ అతికించి ఉంటే అలా తీసి చూడటం కుదరదు. స్టీల్ టో (వేళ్ల దగ్గర ఉక్కు తొడుగు) ఉంటే వేసుకుని గొంతుక్కూర్చుని కూడా చూడండి. తోలు సాగుతుంది, ఉక్కు సాగదు.