స్టోరేజ్ అప్‌గ్రేడ్ నేర్చుకుందాం, 4వ భాగం: మొదటి కంట్రోలర్ తిరిగొచ్చాక

పోయిన భాగంలో స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ల దారి చూశాం, అంటే ఇప్పుడున్న వెర్షన్ నుంచి కావలసినదానికి నేరుగా వెళ్లిపోవచ్చా, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగాలా అన్న లెక్క. ప్యాకేజ్ కూడా ఎక్కించి పెట్టుకున్నాం. ఇక బటన్ నొక్కేద్దామా అంటే, ఆగండి, ఈ పాఠం అంతా ఆ బటన్‌కి ముందు చేయాల్సిన పని గురించీ, నొక్కాక మధ్యలో వచ్చే కొద్ది నిమిషాల గురించీ.

రెండు కంట్రోలర్లు (డిస్కుల్ని నడిపే కంప్యూటర్లు) ఉన్న అరే, అంటే సర్వర్లకి డిస్కులిచ్చే స్టోరేజ్ పెట్టె, తీసుకుందాం. ఏ, బి అనుకోండి. అప్‌గ్రేడ్ మొదలవగానే బి చేసే పనంతా ఏ తన నెత్తిన వేసుకుంటుంది, బి కొత్త సాఫ్ట్‌వేర్‌తో బూట్ అయి తన పని తను వెనక్కి తీసుకుంటుంది, ఆ తర్వాత ఏ వంతు. నెట్‌యాప్ ఆన్‌ట్యాప్‌లో వీటిని టేకోవర్, గివ్‌బ్యాక్ అంటారు, మిగతా కంపెనీల వాళ్లు వేరే పేర్లు పెట్టుకున్నా జరిగే తంతు దాదాపు ఇదే. బ్రోచర్లలో ‘నాన్ డిస్రప్టివ్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది కాబట్టి ఏమీ ఆగదనుకుంటాం గానీ, కంట్రోలర్ నిజంగానే రీబూట్ అవుతుంది, దాని గుండా వెళ్లే దారులన్నీ నిజంగానే పోతాయి. అప్లికేషన్‌కి ఆ సంగతి తెలియకుండా గడిచిపోతుందా లేదా అన్నది సర్వర్ల సెటప్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పనిలో ముప్పావు వంతు సర్వర్ల దగ్గరే ఉందంటాను, స్టోరేజ్ వాళ్లకి ఈ మాట నచ్చకపోయినా.

ముందు లోడ్ సంగతి తేల్చేద్దాం, ఇది చిన్నదే. ఏ మీద 60 శాతం, బి మీద 60 శాతం సీపీయూ నడుస్తుంటే, ఒకటి పడుకున్నప్పుడు రెండోది 120 శాతం మోయాలి, మోయలేదు, లేటెన్సీ, అంటే ఒక్కో రీడ్, రైట్‌కి పట్టే సమయం, ఆకాశానికి వెళ్తుంది. దారులన్నీ సరిగ్గా ఉన్నా అప్లికేషన్ టీమ్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందుకే ఏ కంట్రోలర్ మీదా 50 శాతం దాటకూడదన్నది పాత నియమం. ఇక్కడ సగటు చూసి మోసపోకండి. రోజు సగటు 30 ఉండి, మీరు ఎంచుకున్న అర్ధరాత్రి విండోలోనే (అప్‌గ్రేడ్‌కి కేటాయించిన గంటల్లోనే) బ్యాకప్ జాబ్‌లు లేచి 75కి తీసుకెళ్తుంటాయి. మీ విండో ఏ వారం, ఏ గంటో, సరిగ్గా అదే వారం, అదే గంట గ్రాఫ్ వెనక్కి నాలుగైదు వారాలు తీసి చూడండి. డీడూప్లికేషన్ (నకళ్లు తీసేయడం), రెప్లికేషన్ (వేరే అరేకి కాపీ పంపడం) లాంటివి ఆ రెండు మూడు గంటలు పక్కన పెట్టొచ్చు, బ్యాకప్ వాళ్లతో మాత్రం మాట్లాడి టైము మార్పించుకోవాలి, అది మాటలతో అయ్యే పని, కమాండ్‌తో కాదు.

ఇప్పుడు దారులు. లైనక్స్ సర్వర్ మీద మల్టీపాత్ మైనస్ డబుల్ ఎల్ (multipath -ll) కొట్టండి, స్టోరేజ్‌కి ఉన్న దారులన్నీ చూపించే కమాండ్ అది. ఒక్కో లన్ (అరే సర్వర్‌కి ఇచ్చే డిస్క్) కింద ఒక్కో దారికి ఒక్కో లైను వస్తుంది, 1:0:0:1, పక్కన ఎస్‌డీబీ, దాని పక్కన 8:16, చివర్లో ‘యాక్టివ్ రెడీ రన్నింగ్’ అని. చాలామంది చేసేదేంటంటే, లైన్లు లెక్కపెట్టి, నాలుగున్నాయి, నాలుగూ రెడీయే, బాగుంది అని తర్వాతి సర్వర్‌కి వెళ్లిపోతారు. నాలుగు ఉండటం కాదు చూడాల్సింది, ఆ నాలుగూ ఎటు వెళ్తున్నాయో చూడాలి. ఆలువా, అంటే ఏ దారి దగ్గరో ఏది చుట్టో అరే సర్వర్‌కి చెప్పే పద్ధతి, వాడే అరేలో దారులు రెండు గుంపులుగా కనిపిస్తాయి, ఒక గుంపుకి ప్రయారిటీ 50, అంటే లన్ సొంత కంట్రోలర్‌కి వెళ్లే దగ్గర దారి, రెండో గుంపుకి 10, అంటే పక్క కంట్రోలర్ మీదుగా వెళ్లే చుట్టు దారి. నాలుగు లైన్లూ 50 గుంపులోనే ఉండి 10 గుంపు అసలు లేకపోతే అనుమానించండి. జోనింగ్‌లో, అంటే ఏ సర్వర్ ఏ స్టోరేజ్ పోర్టుని చూడొచ్చో స్విచ్‌లో రాసే చోట, రెండో కంట్రోలర్ పోర్టులు ఎవరో మర్చిపోయి ఉంటారు. ఆ సర్వర్ రోజూ హాయిగా నడుస్తుంది, వేగంలో కూడా తేడా ఉండదు, కంట్రోలర్ పడుకున్న రోజే బయటపడుతుంది. కొన్ని అరేల్లో రెండు వైపులా సమానమే కాబట్టి ప్రయారిటీ ఒకటే వస్తుంది, అప్పుడు టార్గెట్ పోర్టుల (అరే వైపు పోర్టుల) డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లు, అంటే పోర్టు అడ్రస్‌లు, తీసి ఏవి ఏ కంట్రోలర్‌వో సరిపోల్చుకోవడం తప్ప వేరే దారి లేదు. విసుగు పుట్టే పనే, చేయాల్సిందే.

లైను మొదట్లో 1:0:0:1 లాంటి నాలుగంకెలు ఉంటాయన్నాను కదా, వాటిలో మొదటిదాన్ని కూడా చూడండి. అది సర్వర్‌లోని హెచ్‌బీఏ (స్టోరేజ్‌కి కలిపే కార్డు) నంబరు. రెండు కార్డులున్న సర్వర్‌లో 1తో కొన్ని లైన్లు, 2తో కొన్ని లైన్లు ఉండాలి. అన్నీ ఒకే అంకెతో మొదలైతే రెండో కార్డు కేబులో, రెండో ఫ్యాబ్రిక్ (స్టోరేజ్ స్విచ్‌ల నెట్‌వర్క్) స్విచ్ పోర్టో ఎప్పుడో పోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోలేదన్నమాట.

తర్వాత టైమౌట్లు. కంట్రోలర్ మారేటప్పుడు ఐఓ, అంటే చదవడం రాయడం, కొన్ని సెకన్లు నిలిచిపోతుంది, ఆ కాసేపు సర్వర్ ఓపిక పట్టాలి. లైనక్స్‌లో స్కజీ డిస్క్‌కి డిఫాల్ట్ ఓపిక 30 సెకన్లు, విండోస్‌లో డిస్క్ టైమౌట్ సాధారణంగా 60, వీఎంవేర్ టూల్స్ ఉన్న లైనక్స్ వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) అది 180కి పెరుగుతుంది. టూల్స్ లేని పాత లైనక్స్ వీఎంలు ఏ మూలనో ఉంటాయి చూశారా, అవే ముందు పడతాయి. డిస్క్ ఎర్రర్ రాగానే ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీకి మారిపోతుంది, వీఎం ఆన్‌లోనే ఉంటుంది, పింగ్ వస్తూనే ఉంటుంది, మానిటరింగ్ పచ్చగా ఉంటుంది, రాయడం మాత్రం ఉండదు. పొద్దున్నే యూజర్లు చెప్తేగానీ తెలియదు.

ఫైల్ వైపు, అంటే డిస్కులు కాకుండా ఫోల్డర్లు పంచే చోట, కథ వేరు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (లైనక్స్ సర్వర్లు ఎక్కువగా వాడేది) ఐపీ అడ్రస్ ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి ఎగిరి వెళ్తుంది, క్లయింట్ హార్డ్ మౌంట్ అయితే ఎదురుచూసి మళ్లీ అందుకుంటుంది, సాఫ్ట్ మౌంట్ అయితే అప్లికేషన్ మొహాన ఎర్రర్ కొట్టి ఊరుకుంటుంది, డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. డేటాబేస్‌కి సాఫ్ట్ మౌంట్ కనిపిస్తే అప్‌గ్రేడ్ సంగతి తర్వాత, ముందు అది మార్పించండి. ఇంకో ఉచ్చు ఏంటంటే, ఐపీ ఎగిరి వెళ్లిన పోర్టు దగ్గర స్విచ్‌లో ఆ వీల్యాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) అనుమతించి ఉండకపోవడం. అరే వైపు అంతా పచ్చగా ఉంటుంది, ప్యాకెట్ మాత్రం పోదు. దీన్ని కనిపెట్టడానికి ఒకటే పద్ధతి, రెండు మూడు రోజుల ముందే ఒక్కో వీల్యాన్‌లో పెద్దగా ప్రాముఖ్యం లేని ఐపీ ఒకదాన్ని చేత్తో పక్క కంట్రోలర్‌కి పంపి, పింగ్ వస్తుందో లేదో చూసి వెనక్కి తెచ్చుకోవడం. ఎస్‌ఎంబీ షేర్ల (విండోస్ వాళ్లు వాడే ఫోల్డర్ల) విషయంలో మాత్రం నిజం చెప్పేయడమే మేలు. ఎస్‌ఎంబీ 3లో కంటిన్యువస్ అవైలబిలిటీ పెట్టిన షేర్లు తట్టుకుంటాయి, మామూలు హోమ్ ఫోల్డర్ల సెషన్లు తెగుతాయి, తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేసుకోమని ముందే మెయిల్ పెట్టండి.

ఇక అసలు విషయానికి వద్దాం. బి కొత్త వెర్షన్‌తో లేచింది, గివ్‌బ్యాక్ అయింది, స్క్రీన్ మీద అంతా బాగుంది. కంట్రోలర్ ఏ వంతు ఎప్పుడు? ఇక్కడే తొందర పనికిరాదు. కంట్రోలర్ లేచినంత మాత్రాన సర్వర్లన్నీ దాన్ని గుర్తుపట్టినట్టు కాదు. పోర్టు మళ్లీ ఫ్యాబ్రిక్‌లోకి లాగిన్ అవ్వాలి, మల్టీపాత్ చెకర్ తన వంతు వచ్చినప్పుడు పోయి చూసి రావాలి, ఒక్కోసారి పాత డ్రైవర్ ఉన్న హెచ్‌బీఏ మొండికేసి ‘ఫెయిల్డ్ ఫాల్టీ’ అనే చూపిస్తూ కూర్చుంటుంది. ఆ ఒక్క సర్వర్‌కి ఇప్పుడు మిగిలినవి కంట్రోలర్ ఏ వైపు దారులే. మీరు ఏ ని దించిన క్షణం దానికి ఒక్క దారీ ఉండదు. ఈఎస్‌ఎక్స్ (వీఎంలని నడిపే వీఎంవేర్ సర్వర్) అయితే ఆల్ పాత్స్ డౌన్ అని మొదలుపెట్టి డిఫాల్ట్‌గా 140 సెకన్ల తర్వాత టైమౌట్ ప్రకటిస్తుంది. మొదటి కంట్రోలర్ అప్‌గ్రేడ్‌లో కన్నా రెండో కంట్రోలర్ అప్‌గ్రేడ్‌లోనే ఎక్కువ సర్వర్లు పడిపోవడానికి కారణం ఇదే.

ఆన్‌ట్యాప్ ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ ఇందుకోసమే టేకోవర్, గివ్‌బ్యాక్ అయ్యాక డిఫాల్ట్‌గా 8 నిమిషాలు ఆగుతుంది. చాలా సైట్లకి సరిపోతుంది. కానీ ఆ టైము గడిచిందా అనే చూస్తుంది గానీ మీ సర్వర్లలో దారులు తిరిగొచ్చాయా అని వెళ్లి అడగదు, ఆ పని మీదే. ఆ గడువు పెంచుకునే ఆప్షన్ ఉంది, మధ్యలో పాజ్ చేసే కమాండ్ కూడా ఉంది, వాడుకోవడానికి సిగ్గుపడొద్దు. రెండు కంట్రోలర్లూ వేర్వేరు వెర్షన్లలో రోజుల తరబడి ఉండకూడదు గానీ, ఒక మొండి సర్వర్ కోసం అరగంట ఆగితే ఏ నష్టమూ లేదు. విండో అయిపోతోందని పక్కన మేనేజర్ టెన్షన్ పడుతున్నా సరే, లెక్క కుదిరే దాకా రిజ్యూమ్ నొక్కకండి.

ఆ లెక్క కుదరాలంటే ముందు లెక్క రాసి ఉండాలి. ఈ వారం అభ్యాసం అదే. ఒక షీట్ తెరిచి, అరేకి తగిలిన ప్రతి సర్వర్‌కీ ఒక వరుస పెట్టండి, పేరు, ఏ వైపు దారులు ఎన్ని, బి వైపు ఎన్ని, డిస్క్ టైమౌట్ ఎంత, మౌంట్ హార్డా సాఫ్టా, ఆ సర్వర్ గురించి రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు. సర్వర్ల జాబితా మీ దగ్గరున్న పాత ఎక్సెల్ నుంచి కాకుండా అరే నుంచే తీయండి, ఇప్పుడు లాగిన్ అయి ఉన్న ఇనిషియేటర్ల (సర్వర్ల వైపు పోర్టుల) పట్టిక అందులో ఉంటుంది, ఎప్పుడో తీసేశారనుకున్న సర్వర్లు ఒకటి రెండు అందులో కనిపించే అవకాశం ఎక్కువ. ఏ గడిలోనైనా సున్నా ఉంటే ఆ వరుసకి ఎర్ర రంగు వేసి, ఐదో భాగం వచ్చేలోపు దాన్ని బాగుచేయించండి. బాగవనివి ఏవైనా మిగిలితే, ఆ సర్వర్ ఓనర్‌తో మాట్లాడి ఆ రాత్రి అప్లికేషన్‌ని పద్ధతిగా ఆపించడానికి ఒప్పించండి.