క్లే షూటింగ్‌లో గురి పద్ధతి మార్చుకునే ముందు జాగ్రత్తలు

వానలు వెనకపట్టి సార్వా కోతలు పూర్తయ్యేసరికి భీమవరం, తణుకు, అమలాపురం వైపు నుంచి హైదరాబాద్‌లో షూటింగ్ రేంజికి వెళ్లేవాళ్లు తుపాకీ బయటికి తీసి చమురు రాసుకోవడం మొదలుపెడతారు. గాల్లోకి విసిరే చిన్న పళ్లేల్లాంటి క్లేలని తుపాకీతో కొట్టే ఈ ఆటలో, ఈ సీజన్‌లో గురి చూసే తీరే మార్చుకుందామని అనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ (క్లే షూటింగ్‌లో ఒక పోటీ) ఆడిన కైనన్ చెనాయ్ హైదరాబాద్ ఆయనే కాబట్టి, మన పిల్లలకీ ఈ ఆట మీద మనసు పోవడం సహజమే. వాళ్ల వెంట వెళ్లే పెద్దవాళ్లు కూడా ఇది చదవాలి.

కొత్తగా తుపాకీ పట్టినవాడు భయంతోనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. నాలుగేళ్లుగా కాలుస్తున్నవాడు పద్ధతి మార్చుకుంటున్నప్పుడే నాకు ఎక్కువ బెంగ. వాడి ధ్యాసంతా క్లేకి ఎంత ముందు కొట్టాలన్న లెక్క మీద ఉంటుంది. తుపాకీ మూతి ఎటు తిరిగింది, వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్లింది అన్నవి అలవాటుకి వదిలేస్తాడు. ఆ అలవాటు గట్టిది కాకపోతే ప్రమాదం అక్కడే ఉంటుంది. అందుకే మీ భద్రత అలవాట్లు ఎలా ఉన్నాయో ముందు కోచ్‌కి చూపించుకోండి. తుపాకీని మధ్యలో మడతలా విప్పి ఉంచడం, వంతు వచ్చాకే తూటా వేయడం, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు బయటే ఉంచడం, ఇవి ఆలోచించకుండా జరుగుతుంటేనే గురి సంగతి ఎత్తండి.

అసలు లెక్క ఇది. అడ్డంగా సెకనుకి 20 మీటర్ల వేగంతో పోతున్న క్లే మీకు 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. సీసపు గుళ్లు అక్కడికి చేరడానికి దాదాపు సెకనులో పదోవంతు పడుతుంది. ఈలోగా క్లే 2 మీటర్లు ముందుకి జరిగిపోతుంది. ఆ 2 మీటర్లని ఎలా పట్టుకుంటారన్న దాన్నిబట్టే పద్ధతులు. క్లే వెనక నుంచి మొదలుపెట్టి, దాన్ని దాటించి కాల్చేది స్వింగ్ త్రూ. క్లే మీదే తుపాకీ ఎక్కించి, కాసేపు దానితో నడిచి, ముందుకి లాగి కాల్చేది పుల్ అవే. మొదటి నుంచీ క్లేకి ముందే ఉండి, అదే ఎడంతో నడిపిస్తూ కాల్చేది మెయిన్‌టెయిన్డ్ లీడ్.

వీటిలో స్వింగ్ త్రూ దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. తుపాకీ క్లే కంటే వేగంగా తిరగాలి కాబట్టి ఆ ఊపు ఒక్కోసారి ఆగదు. క్లే తప్పిపోతే ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పుకుంటూ పోయి, పక్క స్టేషన్‌లో (కాల్చడానికి నిలబడే చోట్లో) ఉన్నవాళ్ల వైపు మూతి తెచ్చేస్తారు. మొదటి క్లే వదలమని అడగకముందే, మీ మూతి దాటకూడని హద్దు ఎక్కడో కోచ్‌ని అడిగి కంటితో గుర్తుపెట్టుకోండి. అక్కడికి చేరేసరికి కాల్చకపోతే ఆ క్లే పోయినట్టే, వదిలేయండి. పాదాల స్థానం కూడా ఆ హద్దుని బట్టే సర్దుకోవాలి. క్లేని కొట్టాలనుకున్న చోటుకి ఎదురుగా నిలబడితే, నడుము ఆ చోటు దాటి ఎక్కువ తిరగదు.

పద్ధతి మార్చే ముందు మీ బలమైన కన్ను ఏదో తెలుసుకోవాలి. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతుల మధ్య చిన్న కంత ఉంచి, దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వని రెండు కళ్లూ తెరిచి చూడండి. తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే మొవ్వ మాయమైందో అదే మీ బలమైన కన్ను. కుడి భుజం మీద తుపాకీ పెట్టేవాళ్లకి ఎడమ కన్ను బలంగా ఉంటే గుళ్లు క్లేకి ఎడమ పక్కకి పోతాయి. అలాంటివాళ్లు ఎన్ని పద్ధతులు మార్చినా నిరాశే. కళ్లద్దం ఎడమ పలక మీద చిన్న టేపు ముక్క అంటించుకోవడమో, భుజం మార్చుకోవడమో కోచ్ చెప్తారు. భుజం మారిస్తే మళ్లీ ఓనమాల నుంచే మొదలని అర్థం చేసుకుని, తొందరపడకండి.

ఇంట్లో సాధన చాలా ఉపయోగం. కానీ మేడ మీద కాదు, పెరట్లో కాదు. తలుపు వేసిన గదిలో చేయండి. తూటాలు వేరే గదిలో, తాళం వేసిన బీరువాలో ఉండాలి. తుపాకీ విప్పి రెండు గొట్టాల్లోంచీ వెలుతురు చూశాకే మొదలుపెట్టాలి. సన్నటి పెన్ టార్చికి కాగితం టేపు చుట్టి మూతిలో బిగిస్తే, గోడా సీలింగూ కలిసే గీత వెంట ఆ వెలుగుని నడిపించవచ్చు. చెంప బట్‌కి (తుపాకీ వెనక భుజానికి ఆనించే భాగానికి) ఆనేటప్పుడు వెలుగు ఎగిరిపడితే మీ మౌంట్, అంటే తుపాకీ భుజానికి ఎత్తుకునే తీరు, ఇంకా కుదరలేదన్నమాట. అయితే ఆ టార్చి గొట్టంలోనే మరిచిపోయి తర్వాత తూటా పేల్చితే గొట్టం పగిలి చేతులు పోతాయి. సాధన అయిన క్షణంలో టార్చి తీసి, మళ్లీ వెలుతురు చూసి, అప్పుడే తుపాకీ సంచిలో పెట్టండి. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఈ సాధన పూర్తిగా మానేయండి. "బావా, ఒక్కసారి పట్టుకోనివ్వవా" అని మరదలు అడిగినా, చిన్నపిల్లలు మారాం చేసినా ఇవ్వొద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రేంజి దూరమని చేతితో విసిరే పరికరం కొనుక్కొచ్చి పొలంలో మొదలుపెట్టకండి. మన డెల్టాలో ఖాళీ జాగా అనేదే లేదు. గట్టు మీద గడ్డి కోసేవాళ్లు, చెరువు దగ్గర మేత చల్లేవాళ్లు, కొబ్బరితోటలో దింపు తీసేవాళ్లు, ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఉంటారు. ఈ చిన్న గుళ్లు 200 మీటర్లు దాటి కూడా పడగలవు. పోటీ తూటా ఒక్కోదానిలో 24 గ్రాముల సీసం ఉంటుంది, అదంతా మడిలోనే మిగిలిపోతుంది. కోతలయ్యాక బాతుల మందలు దిగేది ఆ మడుల్లోకే. బాతులు రాళ్లనుకుని సీసం గుళ్లు మింగి చచ్చిపోతాయి. ఇక కొల్లేటికి వచ్చే కొంగల మీదా పిట్టల మీదా గురి సరిచూసుకోవడమంటే పాపమే కాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

బయల్దేరే ముందు లైసెన్సు తీసి అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో చదవండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే తెలంగాణలో మీ తుపాకీకి అది సరిపోదు. వానాకాలమంతా మూలనున్న తుపాకీ అయితే గొట్టంలోకి చూడకుండా బయల్దేరనేకూడదు. తుప్పు సరే, కందిరీగలు మట్టితో గూడు కట్టేసి ఉంటాయి. తేమ పట్టి ఉబ్బిన తూటాలు పక్కన పెట్టేయండి. 20 బోర్ తూటా 12 బోర్ దానికంటే సన్నం, ఒక్కటైనా 12 బోర్ సంచిలో కలవకూడదు. అది గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది, దాని వెనక మరో తూటా పడితే గొట్టం బద్దలే. రాత్రంతా బస్సులో కునికిపాట్లు పడి తెల్లారేసరికి రేంజిలో దిగితే, ఆ పూట పడుకోండి.

రేంజిలో చెవులకీ కళ్లకీ రక్షణ లేకుండా లైన్ దగ్గరికి వెళ్లొద్దు, పక్కన చూస్తూ నిలబడ్డా సరే. కొత్త పద్ధతిని ముందు ఒకే స్టేషన్‌లో, ఒకే తీరుగా వచ్చే క్లే మీద, ఒక్కొక్క తూటాతోనే చేయండి. శబ్దం "ఠప్" మని నీరసంగా వస్తే అక్కడే ఆగి, మూతి రేంజి వైపే ఉంచి, తుపాకీ విప్పి గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, మూతి అలాగే ముందుకి ఉంచి అర నిమిషం ఆగాకే విప్పాలి. చెంప నొప్పెట్టిందంటే తల ఎత్తేస్తున్నారని అర్థం, ఆ రోజుకి చాలించండి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఇడ్లీ ముక్క కూడా నోట్లో పెట్టుకోవద్దు. సీసపు దుమ్ము పట్టిన చొక్కాతో ఇంటికొచ్చి చంటిపిల్లల్ని ఎత్తుకోకండి, ఆ బట్టలు విడిగా ఉతకమని ఇంట్లో చెప్పండి.