పెద్దవాళ్లకి ఫోన్ నేర్పాలంటే ముందు దాని నోరు మూయించండి

అమ్మకి ఓటీపీ కొట్టడం రాదనే అనుకున్నాను చాలా రోజులు. పక్కన కూర్చుని చూస్తే కదా తెలిసింది, ఆరంకెలు చదివి, మెసేజ్ మూసి వెనక్కి వెళ్లేలోపు పైనుంచి ఇంకో నోటిఫికేషన్ దిగుతుంది, కళ్లు అటు పోతాయి, అంతే, అంకెలు మర్చిపోతుంది. వయసు పెరిగినా మాటలు, అనుభవం పెద్దగా తగ్గవు, కానీ అక్కర్లేనిదాన్ని వదిలేయడం, ఒక పని మీంచి ఇంకోదాని మీదకి చప్పున మళ్లడం కష్టమవుతాయి.

అందుకే కాల్స్, మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. హోమ్ స్క్రీన్ మీద రోజూ వాడే నాలుగైదు యాప్‌లే ఉంచి, వాటి చోటు మళ్లీ మార్చకండి. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు తగ్గించి, వేలు నొక్కిపట్టే సమయం పెంచండి. కాస్త ఎక్కువసేపు ఆనించగానే ఐకాన్లు కదిలిపోయే గొడవ చాలావరకు తగ్గుతుంది. అక్షరాలు పెద్దవి చేయడం ఎలాగూ అందరూ చేసేదే.

నేర్పేటప్పుడు టీవీ కట్టేయండి. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి (మనం లాక్కుని టకటకా నొక్కేస్తే వాళ్లకి మిగిలేది టెన్షనే), పూటకి ఒక్క పనే. ఓటీపీ కాగితం మీద రాసుకుని కొట్టమనండి, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మాత్రం చెప్పొద్దనండి.