పోయిన వంద జీబీ ఎక్కడుంది? (ధారావాహిక పాఠం – 4వ భాగం)

కిందటి భాగంలో డిస్క్ పటం చదవడం నేర్చుకున్నాం. ఎడమ చివర కంప్యూటర్‌ని లేపే ఫైళ్లుండే ఈఎఫ్ఐ పెట్టె, మధ్యలో సి డ్రైవ్, కుడి చివర చిన్న రికవరీ పెట్టె. మీ కంప్యూటర్‌లో ఏది ఎంత సైజు ఉందో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ భాగమంతా దాన్ని చూస్తూ చేసే పనే.

కాలువలు కట్టేసిన వేసవి రోజులు. అంబాజీపేట దగ్గర మా పిన్ని వాళ్ల ఊళ్లో తమ్ముడు తన డెస్క్‌టాప్‌లో విండోస్ పక్కన ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్నాడు. సి డ్రైవ్‌లోంచి వంద జీబీ తగ్గించి, దాన్ని ఉబుంటుకి ఇచ్చాడు. ఫైళ్లు కాపీ అవుతున్న గీత సగం దాటింది. ఇంతలో గాలివాన లేచి, కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోయింది. ఇంట్లో యూపీఎస్ ఉంది కానీ దాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. రాత్రి కరెంటు వచ్చాక విండోస్ మామూలుగానే లేచింది. సి డ్రైవ్ మాత్రం 465 ఉండాల్సింది 365 చూపించింది. వెంటనే నాకు ఫోన్ చేశాడు. "అక్కా, వంద జీబీ పోయింది!" వెనక నుంచి పిన్ని గొంతు: "ఏటి కోతకి పోయినట్టు పోయిందా ఏంటే?"

పిన్ని పుట్టిల్లు లంక ఊరు. వాళ్ల నాన్నగారి కొబ్బరితోటలో ఒక వైపు వరసలు గౌతమిలో కలిసిపోయాయి. భూమి పోవడమంటే ఏమిటో ఆవిడ కళ్లతో చూసింది, అందుకే ఆ మాట వచ్చింది. కానీ డిస్క్‌లో ఏటి కోత లేదు. అందులో ఒక్క సెంటు కూడా ఎటూ కొట్టుకుపోదు, పేరు మాత్రమే మారుతుంది.

డిస్క్ మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. కొత్త కంప్యూటర్లలో దాన్ని జీపీటీ అంటారు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అది ఏ రకం అన్నది అందులో రాసి ఉంటుంది. మామూలుగా 128 భాగాల వరకు రాసుకునే చోటు ఉంటుంది, దాని నకలు ఒకటి డిస్క్ చివర కూడా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందు ఈ పట్టికలో పేరు ఎక్కుతుంది, తరవాతే ఫైళ్లు వచ్చి చేరతాయి. మధ్యలో కరెంటు పోతే ఉబుంటు పేరున పట్టా అయిపోయి, ఇల్లు సగంలో ఆగిపోయిన స్థలం మిగులుతుంది. విండోస్‌కి ఆ స్థలం తనది కాదని తెలుసు, అందుకే తన లెక్కలో చూపించదు.

ఇక్కడ ఒక అనుమానం తీర్చేస్తాను, చాలామంది అడుగుతారు. డబ్బా మీద 500 జీబీ అని ఉంటే విండోస్ 465 చూపిస్తుంది. అది నష్టం కాదు. తయారీదారు జీబీకి వంద కోట్ల బైట్లు లెక్క కడతాడు, విండోస్ 1024ని మూడుసార్లు గుణించి వచ్చిన సంఖ్యతో లెక్క కడుతుంది. ఒక టీబీ డిస్క్ 931 అని కనపడేదీ ఇందుకే. ఆ తేడా కోసం వెతక్కండి.

పని మొదలుపెట్టే ముందు ఒకటి. మొదటి భాగంలో చెప్పిన బ్యాకప్ తీయనివాళ్లు ఇక్కడే ఆగి, తీశాకే ముందుకి రండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే బ్యాటరీ బాగున్న యూపీఎస్ మీద పెట్టండి, లేకపోతే మబ్బు పట్టిన సాయంత్రం ఈ పని ముట్టుకోకండి.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. తమ్ముడి చేత ఫోన్‌లో ఇదే చేయించాను. "ఏం కనపడుతోందో ఎడమ నుంచి చదువు" అన్నాను. 100 ఎంబీ ఈఎఫ్ఐ, 365 జీబీ సి, ఆ పక్కన పేరూ అక్షరమూ లేని 100 జీబీ పెట్టె, చివర 600 ఎంబీ రికవరీ. కలిపితే కాగితం మీది 465తో సరిపోయింది. ఆ లెక్క సరిపోయాక వాడి గొంతులో టెన్షన్ తగ్గింది. మీరూ ముందు ఈ కూడిక చేయండి. అన్నీ కలిపి మొత్తం వస్తే స్థలం డిస్క్‌లోనే ఉన్నట్టు, పేరు సరిచేస్తే చాలు.

పేరు లేని ఆ పెట్టెకి విండోస్ ఒక్కోసారి డ్రైవ్ అక్షరం ఇచ్చి, దాని మీద క్లిక్ చేయగానే ఫార్మాట్ చేయమంటుంది. క్యాన్సిల్ నొక్కండి. దానికి బదులు డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ఆ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్ నొక్కండి. ఇది విండోస్ తయారుచేసిన భాగం కాదు, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ డేటా ఉండొచ్చు అని ఒక హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక వచ్చిందంటే మీరు సరైన పెట్టె మీదే ఉన్నారని ఒక ఆనవాలు. సైజు ఇంకోసారి కాగితంతో పోల్చి చూసి, అప్పుడు ఎస్ నొక్కండి. పెట్టె మీద గీత నల్లగా మారి అన్‌అలొకేటెడ్ అని వస్తుంది. ఇప్పుడు సి మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్, ఆపైన నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. కొన్ని సెకన్లలో అయిపోతుంది. అలా కాకుండా విడిగా డి డ్రైవ్ కావాలనుకుంటే నల్ల పెట్టె మీదే న్యూ సింపుల్ వాల్యూమ్ ఎంచుకోవచ్చు.

ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే కంగారు పడకండి. ఖాళీ స్థలం సి డ్రైవ్‌కి కుడి పక్కనే, గట్టు ఆనుకుని ఉండాలి. మధ్యలో ఇంకొకరి చేను ఉంటే మీ చేను పెంచుకోలేరు కదా, ఇదీ అంతే. అలాగే కొన్ని పాత కంప్యూటర్లలో ఎంబీఆర్ అనే పాత పట్టిక ఉంటుంది. వాటిలో డిలీట్ చేశాక నల్ల గీతకి బదులు లేత ఆకుపచ్చతో ఫ్రీ స్పేస్ అని రావచ్చు. అంటే లోపలి గోడ పోయింది కానీ ఎక్స్‌టెండెడ్ అనే బయటి ప్రహరీ ఇంకా ఉంది. అందులో ఇంకే డ్రైవూ లేదని చూసుకుని, ఆ ఆకుపచ్చ దాని మీద మళ్లీ డిలీట్ కొట్టండి. అప్పుడు నలుపు వస్తుంది.

డిలీట్ వాల్యూమ్ మెనూలో అసలు కనపడకపోతే విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ (diskpart) అనే పనిముట్టు వాడాలి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కొట్టండి: డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, లిస్ట్ పార్టిషన్. డిస్క్ నంబరు మీది ఏదో చూసి వేయండి. సైజు చూసి ఆ వంద జీబీ పార్టిషన్‌ని సెలెక్ట్ చేశాక డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్. ఈ కమాండ్ ఏమీ అడగకుండా చెరిపేస్తుంది. అందుకే అది కొట్టే ముందు ఇంకోసారి లిస్ట్ పార్టిషన్ కొట్టి, నక్షత్రం గుర్తు ఏ వరస పక్కన ఉందో చూడండి. నేను ఎన్నిసార్లు చేసినా ఆ చూపు మానను.

ఇంకో రకం ఇబ్బంది ఉంది, చూడగానే అర్థం కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్ బొమ్మలో సి 465 ఉంటుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 365 ఉంటుంది. పేరు లేని పెట్టె ఎక్కడా ఉండదు. డిస్క్ భాగాల సైజు మార్చే జీపార్టెడ్ లాంటి పనిముట్టు సి డ్రైవ్‌ని తగ్గించేటప్పుడు ముందు లోపలి ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఫైళ్లు సర్దే చట్రాన్ని, కుదిస్తుంది, ఆ తరవాత బయటి హద్దు జరుపుతుంది. ఆ రెంటి మధ్య ఆగిపోతే ఇలా అవుతుంది. హద్దురాళ్లు పాత చోటే ఉన్నాయి, నాట్లు మాత్రం లోపలికి వేసినట్టు. దీనికి డిలీట్ చేయాల్సింది ఏమీ లేదు. ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో సి మీద చెక్‌డిస్క్‌ని స్లాష్ ఎఫ్‌తో (chkdsk C: /f) నడపండి. రీస్టార్ట్ అడిగితే ఇవ్వండి, అది పూర్తయ్యేదాకా ఆపకండి. తరవాత డిస్క్‌పార్ట్‌లో సెలెక్ట్ వాల్యూమ్ సి, ఆపైన ఎక్స్‌టెండ్ ఫైల్‌సిస్టమ్. ఫైల్‌సిస్టమ్ అన్నది మధ్యలో ఖాళీ లేకుండా ఒకే పదంగా కొట్టాలి. రెండు చోట్లా సైజు ఒకటే అవుతుంది.

ఉబుంటు దాదాపు పూర్తయ్యే దశలో ఆగిపోయినవాళ్లకి ఒక మాట. అప్పటికే గ్రబ్ అనే బూట్‌లోడర్ చేరి ఉండొచ్చు. దాని భాగాన్ని డిలీట్ చేశాక కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ అనే మాట కనపడి ఆగిపోతుంది. మీ ఫైళ్లకేమీ కాలేదు. అలా ఆగకుండా ఉండాలంటే డిలీట్ కంటే ముందే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవక ముందు తెరిచే సెట్టింగుల్లోకి, వెళ్లి బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ని పైన పెట్టండి. పాత ఎంబీఆర్ కంప్యూటర్లలో మాత్రం విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బూట్‌రెక్ స్లాష్ ఫిక్స్‌ఎంబీఆర్ (bootrec /fixmbr) కొట్టాలి. ఆ పెన్‌డ్రైవ్ ముందే తయారు చేసుకోండి.

తమ్ముడిది మొదటి రకమే. ఫోన్ పెట్టేసే లోపు సి మళ్లీ 465 అయింది. పిన్ని స్క్రీన్ దగ్గరికొచ్చి, చూపుడువేలితో ఆ నీలం గీతని ఈ చివర నుంచి ఆ చివరికి తడిమి, "ఇందులోనే ఉందా ఇంతసేపూ?" అంది.

ఈ వారం మీరు చేయాల్సింది: ఏమీ మార్చకుండా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి పెట్టెలన్నీ కూడండి, ఎక్స్‌ప్లోరర్‌లోని సి సైజుతో పోల్చండి. రెండు అంకెలూ కాగితం మీద రాయండి. సి డ్రైవ్‌కీ ఖాళీకీ మధ్య రికవరీ పెట్టె అడ్డుగా ఉన్నవాళ్లు దాన్ని డిలీట్ చేయకుండా అలాగే ఉంచండి. దాన్ని పోగొట్టుకోకుండా పక్కకి జరపడం 5వ భాగంలో చేద్దాం.