స్ప్రింగ్ ట్రైనింగ్ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి?

స్ప్రింగ్ ట్రైనింగ్ అంటే అమెరికా బేస్‌బాల్ సీజన్‌కి ముందు జరిగే సన్నాహక మ్యాచులు. 2018 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో షోహేయి ఒహ్తానీ 32 ఎట్‌-బ్యాట్స్‌లో (వాక్‌లు కలపని బ్యాటింగ్ అవకాశాలు) కొట్టినవి 4 హిట్లే. పిచింగ్‌లో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఇచ్చిన పరుగులు) 27.00. ఆ సీజన్లోనే .285 బ్యాటింగ్ యావరేజ్ (ఎట్‌-బ్యాట్స్‌లో హిట్ల వాటా), 22 హోమ్‌రన్లతో అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు. జేక్ ఫాక్స్‌ది రివర్స్ కేసు: 2011 స్ప్రింగ్‌లో ఒరియోల్స్ జట్టుకి 10 హోమ్‌రన్లు, అసలు సీజన్లో 2.

అందుకే మార్చి నెలలో బ్యాటింగ్ యావరేజ్, ఈఆర్ఏ, జట్టు గెలుపోటములు చూడొద్దు. ఐదో ఇన్నింగ్స్ దాటాక మైదానంలో ఎక్కువగా మైనర్ లీగ్ (కింది స్థాయి) కుర్రాళ్లే ఉంటారు. జట్టులో చోటు ఖాయమైన పిచర్ కొత్త స్లైడర్‌కి (పక్కకు తిరిగే బంతి) చెయ్యి అలవాటు కావాలని వరసపెట్టి అదే వేస్తాడు, బాదించుకుంటాడు, బెంగపడడు. సగం జట్లు సన్నాహక మ్యాచులాడే అరిజోనా పొడిగాలి కూడా హోమ్‌రన్లకు సాయం చేస్తుంది.

చూడాల్సినవి స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ అవుట్), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా మొదటి బేస్), ఫాస్ట్‌బాల్ వేగం. బ్యాటర్ స్ట్రైకౌట్ శాతం సుమారు 60 ప్లేట్ అప్పియరెన్సులకే (బ్యాటింగ్‌కి వచ్చిన మొత్తం సార్లు) కాస్త కుదురుకుంటుంది. వాక్‌లకు దాదాపు 120 కావాలి. బ్యాటింగ్ యావరేజ్‌కి సీజన్ మొత్తం కూడా చాలదు. ఫాస్ట్‌బాల్ వేగాన్ని నిరుటి జులైతో పోల్చి కంగారుపడేవాళ్లు చాలామంది. ఎండలు ముదిరేకొద్దీ వేగం ఎలాగూ పెరుగుతుంది, కాబట్టి నిరుటి మార్చితోనే పోల్చండి. అప్పటికన్నా గంటకు 2 మైళ్లు తగ్గితే గాయమేమోనని అనుమానించాల్సిందే.

ఆటగాడి అంచనాకి గత మూడేళ్ల అంకెలకు కొత్తదాని నుంచి పాతదానికి 5, 4, 3 చొప్పున బరువిచ్చి, వచ్చినదాన్ని లీగ్ సగటు వైపు కొంచెం లాగండి. ముప్పై దాటినవాళ్లకి ఇంకాస్త తగ్గించండి.

జట్టు సంగతి జూన్ దాకా తేల్చొద్దు. కొట్టిన పరుగుల వర్గాన్ని, కొట్టిన, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగించి సీజన్ మ్యాచుల సంఖ్య 162తో హెచ్చించండి, ఎన్ని గెలవాల్సిందో వస్తుంది. 2023లో పాడ్రెస్ జట్టు కొట్టినవి 752, ఇచ్చినవి 648. 565504ని 985408తో భాగిస్తే 0.574, అంటే 93 గెలుపులు. నిజంగా గెలిచినవి 82. ఒక్క పరుగు తేడా మ్యాచుల్లో 9 గెలిచి 23 ఓడారు, కొంప ముంచింది అదే. అదే ఏడాది అందరికన్నా ఎక్కువ జీతాలిచ్చిన మెట్స్ జట్టు కథ వేరు: కొట్టినవాటికన్నా ఇచ్చిన పరుగులే ఎక్కువ, 75 గెలుపులు. అక్కడ తప్పు సీజన్‌కి ముందు పెట్టుకున్న అంచనాదే.

ఈ లెక్కకీ ఓ లోపముంది. 15-1 లాంటి ఏకపక్ష మ్యాచులు రెండు మూడు పడితే మే నెల అంకె ఉబ్బిపోతుంది. వాటిని తీసేసి మళ్లీ ఒకసారి కట్టండి.